నది కొసన ఒక రోజు

ఆరుబయట విహారమంటే ఊరి రొదకు దూరంగా పోయి, చెట్టు నీడన కూర్చుని, వెంట తెచ్చుకున్నది తిని, నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగి రావడమనే అభిప్రాయం చాలామందిలో స్థిరపడిపోయింది. గుట్ట మీది గుడికో, జలపాతానికో ఈ పద్ధతి కొంతవరకు సరిపోవచ్చు గాని, నది సముద్రంలో కలిసేచోట పెరిగే మడ అడవికి మాత్రం ఇది బొత్తిగా పనికిరాదు. అక్కడి నీరు రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుంది. ఆ నీటితో పాటే చేపలు, పీతలు, కొంగలు, నీటికుక్కలు తమ చోటు మార్చుకుంటాయి. పడవ ఏ పాయలోకి పోగలదో, ఏ పాయలో బురదలో కూరుకుపోతుందో కూడా ఆ నీరే నిర్ణయిస్తుంది. అందువల్ల అభయారణ్యంలో గడపబోయే ఒక రోజుకు అన్నిటికంటే ముందు కావలసిన నైపుణ్యం, తన వేళను నీటి వేళకు అప్పగించగలగడం. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, కొద్దిపాటి తయారీతో ఎవరైనా అలవరచుకోగలిగినదే.

నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని కుండల్‌వాడికి, దాని చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలకు ఈ తయారీలో ఒక సహజమైన ఆధారం ఉంది. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, ఆ ఏడాది జరిగిన పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు చేరిన ఈ ప్రాంతానికి సరిహద్దులు మారాయి గాని నది మారలేదు. దగ్గరలోనే కందకుర్తి వద్ద మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది, ఆ దిగువన బాసర ఉంది, ఆపైన శ్రీరాంసాగర్ జలాశయం మొదలవుతుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరిని ఇక్కడివారు నడుమ భాగంలో ప్రతిరోజూ చూస్తున్నారు. పుష్కరాలకు మునుగుతున్నారు, అస్థికలు కలుపుతున్నారు, పొలాలకు ఆ నీటినే పెట్టుకుంటున్నారు. అయినా ఆ నీరు చివరకు ఎక్కడికి చేరుతుందో, అక్కడ దేనికి ప్రాణం పోస్తుందో చూసినవారు తక్కువ. వన్యప్రాణుల మధ్య కొత్తగా విహరించదలచిన ఇక్కడి కుటుంబం మొదటి ప్రయాణంగా ఎక్కడి అడవినో కాకుండా, తన నది కొసనే ఎంచుకోవడం అన్ని విధాలా తగిన పని.

ఆ కొస కాకినాడ దగ్గర ఉంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పెద్ద పాయలుగా చీలుతుంది. వాటిలో గౌతమి నుంచి విడిపోయిన కోరంగి, గాడేరు వంటి చిన్న పాయలు కాకినాడ అఖాతం వైపు సాగుతూ, దారిలో తెచ్చిన ఒండ్రును పరచి, ఆ ఒండ్రు మీద మడ అడవిని నిలబెట్టాయి. నది మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసి, పోటుపాట్లకు లోబడి ఉండే ఇటువంటి ప్రదేశాన్ని శాస్త్రగ్రంథాలు నదీముఖమంటాయి, తీరంలోని మత్స్యకారులు మొగ అంటారు. ఈ అడవిలో దాదాపు 235 చదరపు కిలోమీటర్ల భాగాన్ని 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. సందర్శకులకు ప్రవేశం కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు మీద, పట్టణానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని చొల్లంగి వైపు ఉంది. అక్కడి నుంచి చెట్ల మధ్యగా చెక్కలు పరచిన నడకదారి, దాని చివర పడవల రేవు ఉంటాయి.

నీటి వేళ సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ ప్రయాణంలో జయాపజయాలు చాలావరకు దీనిపైనే ఆధారపడతాయి. సముద్రపు నీరు పైకి రావడాన్ని పోటు అని, వెనక్కి తగ్గడాన్ని పాటు అని అంటారు. చంద్రుని ఆకర్షణ, దానికి తోడు సూర్యుని ఆకర్షణ వల్ల కలిగే ఈ కదలికలో ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాల వ్యవధి ఉంటుంది కాబట్టి, ఈ రోజు ఉదయం ఎనిమిదికి నిండిన పాయ రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా నిండుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల బలం ఒకే రేఖలో పడటం వల్ల ఆ రోజులలోనూ, ఆ తరువాత ఒకటి రెండు రోజులూ నీరు ఎక్కువ ఎత్తుకు లేచి ఎక్కువ లోతుకు తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండు బలాలు అడ్డంగా పడటం వల్ల తేడా తక్కువగా ఉంటుంది. ఇదంతా కొత్తగా నేర్చుకోవలసిన విద్య అనిపించవచ్చు గాని, గోడకు కాలనిర్ణయ్ క్యాలెండర్ గానీ తెలుగు పంచాంగం గానీ వేలాడే ఏ ఇంట్లోనైనా సగం పని ముందే అయిపోయినట్టు. మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలు మూడూ అమావాస్యతో ముగిసే నెలలనే లెక్కిస్తాయి కాబట్టి తిథి దగ్గర గందరగోళం కూడా ఉండదు.

తిథిని బట్టి ఏ రోజు మంచిదన్న ప్రశ్నకు సమాధానం చూడదలచినదాన్ని బట్టి మారుతుంది. బురద నేలల మీద తిరిగే పీతలను, వాటి కోసం దిగే పక్షులను చూడదలచినవారికి అమావాస్య, పౌర్ణముల తరువాతి రోజులలో పాటు వేళ శ్రేష్ఠం, ఎందుకంటే అప్పుడు నేల ఎక్కువ మేర బయటపడుతుంది. పసిపిల్లలతోనో, వృద్ధులతోనో వెళ్లి ప్రశాంతంగా పడవలో తిరగదలచిన కుటుంబానికి అష్టమికి అటూ ఇటూ ఉన్న రోజులు అనుకూలం. ఏ తిథి అయినా, నీరు బాగా తగ్గిన వేళకు నడకదారి మీద ఉండి, నీరు తిరిగి ఎక్కడం మొదలయ్యాక పడవ ఎక్కితే అడవి రెండు రూపాలూ ఒకే పూటలో కనిపిస్తాయి. నీరు పూర్తిగా తగ్గిన సమయంలో పడవలు చిన్న పాయల్లోకి పోలేవు కాబట్టి, ఆ రోజు పోటు ఎన్ని గంటలకో, పడవలు ఎప్పుడు కదులుతాయో ముందురోజే అభయారణ్య కార్యాలయంలో గానీ రేవులో గానీ అడిగి, ఆ తరువాతే బస, భోజనం వేళలు నిర్ణయించుకోవడం సరైన క్రమం. హోటల్లో టిఫిన్ వేళను ముందు నిర్ణయించుకుని నీటిని దానికి సర్దుకోమనే ప్రయాణికుడు మధ్యాహ్నపు ఎండలో ఖాళీ బురదను చూసి, ఇక్కడ ఏమీ లేదని తిరిగి వెళ్తాడు. అభయారణ్యాల మీద వినిపించే నిష్ఠూరాలలో పెద్ద భాగం ఇలా పుట్టినదే.

ఒక్క రోజు విషయంలో మాత్రం ప్రత్యేక జాగ్రత్త అవసరం. పుష్య బహుళ అమావాస్యను ఈ ప్రాంతంలో చొల్లంగి అమావాస్య అంటారు; ఆనాడు తుల్యభాగ పాయ సముద్రంలో కలిసే చొల్లంగి వద్ద స్నానం చేసి, గోదావరి పాయలు ఒక్కొక్కటీ సముద్రంలో కలిసే చోట్ల మునుగుతూ భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేది చేరుకునే సప్తసాగర యాత్ర తరతరాల ఆచారం. గోదావరిని పూజించే కుటుంబానికి ఆ జనసందోహమే ఒక గొప్ప దర్శనం. పక్షులను చూడదలచినవారు మాత్రం ఆ ఒక్క రోజు వదిలి మరో తిథిని ఎంచుకోవాలి.

రుతువు విషయానికి వస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తమ కాలం. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎగువ వరద మంచినీరే పాయలను నింపుతుంది. ఆ ఎర్రనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి నదిలోకి ఎక్కే పులస చేప కోసం గోదావరి జిల్లాలు ఎదురుచూస్తాయి గాని, విహారానికి అది కాలం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుఫానుల భయం ఉంటుంది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, బర్మా వర్తకానికి పేరుపొందిన కోరంగి రేవును తుడిచిపెట్టింది; 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను అతలాకుతలం చేసింది. కాబట్టి ఆ నెలల్లో బయలుదేరేవారు వాతావరణ శాఖ హెచ్చరికను చూసిన తరువాతే రైలెక్కాలి, హెచ్చరిక ఉన్నప్పుడు టికెట్ డబ్బు పోయినా ప్రయాణం మానుకోవాలి. నాందేడ్‌ను సంబల్‌పూర్‌తో కలిపే నాగావళి ఎక్స్‌ప్రెస్ సామర్లకోట మీదుగా పోతుంది, అక్కడి నుంచి కాకినాడ రోడ్డు దారిన దగ్గరే. అది కుదరనివారు హైదరాబాద్ చేరి, రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా కాకినాడకు పోవచ్చు. వేళలు మారుతుంటాయి కనుక టికెట్ తీసుకునే ముందు సరిచూసుకోవాలి.

ఇంత దూరం పోయేముందు ఇంటి దగ్గరే కొంత సాధన చేయడం ఎంతో మేలు చేస్తుంది. కందకుర్తి సంగమం వద్దనో, శ్రీరాంసాగర్ వెనుక జలాల అంచునో తెల్లవారుజామున ఒక గంటసేపు ఫోన్ ముట్టకుండా, మాట్లాడకుండా ఒకే చోట కూర్చోవాలి. మొదటి పావుగంట దాదాపు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఎందుకంటే మనిషి అలికిడికి పక్షులు దూరంగా జరిగి ఉంటాయి. ఆ తరువాత అవి నెమ్మదిగా తమ పనిలోకి తిరిగి వస్తాయి. ఈ గంటను ఓపికగా గడపగలిగిన పిల్లవాడు కోరింగలో పెద్దల కంటే ఎక్కువ చూస్తాడు. చూసిన పక్షి పేరు తెలియకపోతే ముక్కు పొడవు, కాళ్ల రంగు, నడక, నీటిలో నిలబడిన లోతు ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం అలవాటు చేయాలి. పేరు తెలుగులో, మరాఠీలో, ఏ భాషలో తరువాత దొరికినా ఫరవాలేదు, కంటితో పట్టుకున్న గుర్తులు మాత్రం అప్పటికప్పుడు రాసుకోకపోతే నిలవవు.

మడ అడవిలోకి అడుగుపెట్టిన కొత్తవారిని మొదట పలకరించేది కుళ్లిన గుడ్డు వంటి వాసన. మురికి వల్ల వచ్చిందని పొరబడి ముక్కు మూసుకునేవారు చాలామంది ఉంటారు గాని, గాలి చొరబడని బురదలో బతికే సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మార్చడం వల్ల అది పుడుతుంది, అంటే అడవి ఆరోగ్యంగా పని చేస్తున్నదనడానికి అదొక గుర్తు. అదే బురద చెట్లకు మరొక చిక్కు తెస్తుంది: వేళ్లకు గాలి అందదు. తెల్లమడ, నల్లమడ చెట్లు ఈ చిక్కును తీర్చుకోవడానికి నేలలో నుంచి వేల సంఖ్యలో పెన్సిళ్లు నిలబెట్టినట్టు వేళ్లను పైకి పంపుతాయి. శ్వాసవేళ్లు అనే వీటి ద్వారా, నీరు తగ్గినప్పుడు, చెట్టు గాలి పీల్చుకుంటుంది. ఉప్పుపొన్న జాతి చెట్లు కాండం నుంచి వంగి నేలలోకి దిగే ఊతవేళ్ల మీద నిలబడతాయి. తెల్లమడ తాను పీల్చుకున్న ఉప్పును ఆకుల మీదుగా బయటకు తోసేస్తుంది, ఎండిన పూట ఆకును దగ్గరగా చూస్తే ఆ ఉప్పు కణాలు మెరుస్తూ కనిపిస్తాయి. ఉప్పుపొన్న విత్తనం చెట్టుకు వేలాడుతూ ఉండగానే మొలకెత్తి, పొడవాటి కాయలా పెరిగి, రాలినప్పుడు బురదలో నాటుకుంటుంది, లేదా నీటితో పోయి మరో చోట పాతుకుంటుంది. ఈ నాలుగు విషయాలు తెలిసినవారికి నడకదారి మీది ప్రతి గజమూ చదవదగినదిగా మారుతుంది. నడకదారి వదిలి బురదలోకి దిగకూడదన్న నియమానికి కారణం కూడా ఇక్కడే ఉంది, అడుగు పడితే విరిగేది చెట్టు ఊపిరి తీసుకునే అవయవం. తిల్ల చెట్టు కొమ్మను తుంచితే కారే పాలు కళ్లలో పడితే తీవ్రమైన మంట, కొంతకాలం చూపు కోల్పోవడం జరగవచ్చు కాబట్టి, ఆకులు తుంపే అలవాటున్న పిల్లలకు ఈ సంగతి ముందుగానే, భయపెట్టకుండా, గట్టిగా చెప్పాలి.

నడకదారి పక్కన కొన్నిచోట్ల చెట్లు పలచబడి, వాటి నడుమ కాలువలు కనిపిస్తే ఆగి చూడటం మంచిది. నరికివేత వల్ల, ఉప్పు పేరుకుపోవడం వల్ల మడ చెట్లు తిరిగి మొలవని పల్లాలకు పోటు నీరు చేరేలా, చేపముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వి, ఆ గట్ల మీద మొక్కలు నాటే పద్ధతిని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల గ్రామాల వారు కలిసి గోదావరి మడ అడవుల్లో అమలు చేశారు. నీరు దారి తెలుసుకుంటే అడవి తనంతట తాను లేస్తుందని ఈ పని నిరూపించింది. విహారానికి వచ్చినవారిలో ఎందరో ఈ కాలువలను దాటి పక్షి బొమ్మల బోర్డు దగ్గర ఫొటో దిగి పోతారు, అది చాలా విచారకరం, ఎందుకంటే ఈ అడవిలో మనిషి చేసిన అతి మంచి పని ఆ కాలువలే.

జంతువుల విషయంలో ఆశలను ముందే సరిచేసుకోవాలి. కోరింగకు పేరు తెచ్చిన నీటిపిల్లి, అంటే చేపలను వేటాడి బతికే, మచ్చలున్న మధ్యరకపు అడవి పిల్లి, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. పగటి సందర్శకునికి అది కనిపించడం అరుదైన అదృష్టం. గుంపులుగా తిరిగే నీటికుక్కలు, అంటే చేపలు తినే, నున్నని బొచ్చున్న జంతువులు, ఉదయం పూట పాయల గట్ల మీద కనిపించే అవకాశం అంతకంటే ఎక్కువ. నక్కలున్నాయి. బురద మీద రెక్కలతో పాకుతూ ఎగిరే చిన్న చేపలు, ఒక్క డెక్క మాత్రం పెద్దదిగా ఉండి దాన్ని ఊపుతూ తిరిగే మగ పీతలు నీరు తగ్గిన ప్రతి పూటా కనిపిస్తాయి, వాటిని పది నిమిషాలు గమనించడంలోని ఆనందం తక్కువది కాదు. లకుముకి పిట్టలు, రకరకాల కొంగలు, నత్తగుల్ల కొంగలు, గరుడ పక్షులు ఏడాది పొడవునా ఉంటాయి. చలికాలంలో మధ్య ఆసియా మీదుగా దక్షిణానికి వచ్చే ఉల్లంకుల జాతి పక్షులు బురద నేలల మీద చేరతాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండి, నీటిని కోస్తూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ అనే అరుదైన పక్షికి కాకినాడ తీరం శీతాకాలపు విడిది. వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షి గుంపును దగ్గరి ఫొటో కోసం ఒకసారి లేపితే, అది తిరిగి వెళ్లడానికి కూడబెట్టుకుంటున్న కొవ్వు ఖర్చవుతుంది. గుంపులోని పక్షులు మేత ఆపి తలలు ఎత్తి చూస్తున్నాయంటే పడవ ఇంక ముందుకు పోకూడదని అర్థం. ఆ సంకేతాన్ని గుర్తించి పడవ నడిపేవారిని ఇంజిన్ ఆపమని మర్యాదగా కోరడం సందర్శకుని బాధ్యత. పాయలను చిన్ననాటి నుంచి ఎరిగిన ఆ పడవవాళ్లు అడిగితే సంతోషంగా ఆపుతారు, ఇంకా ఎన్నో చూపిస్తారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అభయారణ్యంలో జంతువులను వేధించడాన్ని, చెత్త వేయడాన్ని నిషేధిస్తుంది. నిప్పు పెట్టడం, ఆయుధాలు తేవడం కూడా నేరాలే. మసక రంగు బట్టలు, టోపీ, తాగునీటి సీసా, దోమల నుంచి రక్షణకు పొడుగు చేతుల చొక్కా, జారని చెప్పులు, దొరికితే బైనాక్యులర్, ఇవి చాలు. పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవడానికి సిగ్గుపడకూడదు. పాట పెట్టే స్పీకర్‌ను ఇంటి దగ్గరే వదిలి రావాలి.

కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గోదావరి తెచ్చిన ఇసుకను సముద్రపు అలలు పొడవైన దిబ్బగా పేర్చడం వల్ల గత రెండు శతాబ్దాలలో ఏర్పడిన ఈ దీవి వెనుకనే కాకినాడ రేవు ప్రశాంతంగా నిలబడింది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరపు ఇసుకలోకి ఎక్కుతాయి. అక్కడికి పోదలచినవారు అటవీ శాఖ అనుమతిని, సముద్రపు స్థితిని ముందుగా తెలుసుకోవాలి. తాబేళ్ల కాలంలో రాత్రిపూట ఇసుక మీద దీపాలు వెలిగించడం పూర్తిగా మానుకోవాలి, ఎందుకంటే గుడ్డు నుంచి వెలువడిన పిల్లలు వెలుతురును చూసే సముద్రపు దిక్కును గుర్తిస్తాయి.

ఈ దీవి మీదనే కుండల్‌వాడి నుంచి వచ్చినవారికి తమ ఊరి నదితో ఉన్న లెక్క స్పష్టంగా తెలుస్తుంది. దేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతున్న గోదావరి పరీవాహక ప్రాంతంలో సగానికి దగ్గరగా మహారాష్ట్రలోనే ఉంది. పైఠణ్ వద్ద జాయక్‌వాడి, నాందేడ్ వద్ద విష్ణుపురి, ధర్మాబాద్ తాలూకాలో బాభళి, దిగువన శ్రీరాంసాగర్ వంటి కట్టడాలు నీటితో పాటు ఒండ్రును కూడా ఆపుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కె. నాగేశ్వరరావు బృందం 2010లో వెలువరించిన పరిశోధన ప్రకారం, గోదావరి ఏటా సముద్రం వైపు మోసే ఒండ్రు 1970ల దశకంలోని సుమారు 15 కోట్ల టన్నుల నుంచి 2000–2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఒండ్రు తగ్గినచోట తీరం వెనక్కి కోసుకుపోతుంది. పొలాలకు నీరు కావాలి, కట్టడాలు అవసరమే, ఆ సంగతిలో వివాదం లేదు. అయితే సుప్రీంకోర్టు 2013 తీర్పు మేరకు ఏటా జులై 1న బాభళి గేట్లు ఎత్తి, అక్టోబరు 28 వరకు నదిని స్వేచ్ఛగా పోనిచ్చే ఏర్పాటును ఇంతకాలం ఎగువ రైతుకూ దిగువ రైతుకూ మధ్య పంపకంగా మాత్రమే చూసినవారు, మడ అడవిని చూసి వచ్చాక ఆ నాలుగు నెలల నీటికి చేపలు, తాబేళ్లు, తీరం కూడా వాటాదార్లని గ్రహిస్తారు. కందకుర్తిలోనూ బాసరలోనూ స్నానం తరువాత నదిలో వదిలే ప్లాస్టిక్ కవరును ఒడ్డునే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం, రంగుల విగ్రహానికి బదులు మట్టి విగ్రహాన్ని నిమజ్జనం చేయడం, పొలంలో మందు కలిపిన డబ్బాలను వాగులో కడగకపోవడం, ఈ మూడూ కోరింగ ప్రయాణంలో భాగాలుగానే లెక్కించాలి.

కాకినాడ వరకు పోలేనివారికి మరొక దారి ఉంది. ముంబయి పక్కన, 2015లో ప్రకటించిన ఠాణే క్రీక్ ఫ్లెమింగో అభయారణ్యం కూడా పోటుపాట్లకు లోబడిన మడ అడవే. చలికాలంలో, ఎండకాలం మొదట్లో అక్కడ రాజహంసల గుంపులు చేరతాయి, ఐరోలి వద్ద నుంచి పడవలు నడుస్తాయి. నీటి వేళను ముందు తెలుసుకుని ఆ తరువాత మిగతావి నిర్ణయించుకోవలసిన క్రమం అక్కడా ఇదే. మొదటి ప్రయాణంలో ఆసక్తి కుదిరినవారు రెండోసారి జనవరిలో వెళ్లడం మేలు. 1987 నుంచి ఆసియాలో ఏటా జరిగే నీటిపక్షుల గణన ఆ నెలలోనే ఉంటుంది, కోరింగలోనూ అటవీ శాఖ, పక్షి శాస్త్రవేత్తలు దాన్ని నిర్వహిస్తారు. కందకుర్తి ఒడ్డున పక్షి గుర్తులు రాసుకోవడం నేర్చిన చేతికి అటువంటి గణనలో చేయగలిగిన పని తప్పక దొరుకుతుంది.